గిరి ప్రదక్షిణలో మా మేనత్త అలవోకగా నడిచింది, నేను కూలబడ్డాను. దీనికి ఫిజిక్స్ ఏమంటుంది?

#1 నాయుడుతోట_కిరణ్

ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ చేశాం. మొత్తం 32 కిలోమీటర్లు. నాతో వచ్చింది మా మేనత్త. అరవై దాటిన మనిషి. ఆనందపురం దగ్గర పల్లెలో పొలం పనులు, కూరగాయల గంపలు తప్ప వ్యాయామం అన్న మాటే ఎరగదు. నేను రోజూ జిమ్ములో ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తేవాణ్ణి, కాళ్ళకు బరువులు కూడా ఎత్తుతాను. తొలి పావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయలుదేరినప్పుడు నేను ముందు, ఆవిడ వెనుక. అప్పూఘర్ దగ్గర సముద్ర స్నానం అయ్యేసరికి ఇద్దరం సమానం. మాధవధార వచ్చేసరికి నా పిక్కలు పట్టేసి రోడ్డు పక్కన కూర్చుండిపోయాను. ఆవిడ నా పక్కన నిలబడి "ఏరా, ఆటో పిలవమంటావా?" అని అడిగింది.

నా బాధ వెనకబడినందుకు కాదు. ఆవిడ నడుస్తుంటే శ్రమ అన్నదే కనిపించలేదు. తల పెద్దగా ఊగదు, అడుగు చప్పుడు వినిపించదు, చూడటానికి కూడా అందంగా ఉంది. కండబలం నాకే ఎక్కువ. మరి అదే దూరానికి నాకు అంత ఎక్కువ ఖర్చు ఎందుకైంది? "భక్తి" అనే జవాబు మా అమ్మ ఇప్పటికే ఇచ్చింది. అది కాక ఇంకేదైనా చెప్పండి.

#2 వాల్తేరు_వెటకారం

ట్రెడ్‌మిల్ మీద నేలే వెనక్కి పోతుంది, నువ్వు కాళ్ళు ఎత్తి దించితే చాలు. ముడసర్లోవ రోడ్డుకు అంత మర్యాద తెలియదు.

#3 అప్పన్న_భక్తుడు

అమ్మగారి జవాబును అంత తేలిగ్గా కొట్టిపారేయకండి. అయినా మీ ఇష్టం, చర్చ కానివ్వండి.

#4 రిటైర్డ్_ఫిజిక్స్

ముందు #2 సంగతి. పట్టీ సమవేగంతో కదులుతున్నంతసేపు దాని మీద నడకకూ రోడ్డు మీద నడకకూ యాంత్రికంగా తేడా లేదు. ఎదురుగాలి ఒక్కటి ఉండదు, నడక వేగంలో అది లెక్కలోకి వచ్చేది కాదు. గెలీలియో కాలం నాటి సూత్రమే ఇది. వెటకారం గారూ, మాట బాగుంది, ఫిజిక్స్ బాగాలేదు.

ఇక అసలు ప్రశ్న. నడిచేటప్పుడు నేలకు ఆనిన కాలు దాదాపు నిటారుగా ఉంటుంది. దాని మీదుగా శరీరం ఒక చాపం గీస్తూ ముందుకు పోతుంది. తలకిందులు చేసిన లోలకం అన్నమాట. కాలు నిట్టనిలువుగా ఉన్న క్షణంలో శరీరం అన్నిటికన్నా ఎత్తులో, అన్నిటికన్నా నెమ్మదిగా ఉంటుంది. ముందుకు ఒరిగేకొద్దీ ఎత్తు తగ్గుతుంది, వేగం పెరుగుతుంది. స్థితిజ శక్తి గతిజ శక్తిగా, అది తిరిగి స్థితిజ శక్తిగా మారుతూ ఉంటుంది. ఇటలీ శాస్త్రవేత్త జొవాన్నీ కవాన్యా బృందం దీన్ని కొలిచింది. అనువైన వేగంలో సుమారు 65 శాతం దాకా శక్తి ఇలా ఒక రూపం నుంచి మరో రూపానికి మారుతూ మిగులుతుంది. ఆ మేరకు కండరం కొత్తగా పని చేయనక్కరలేదు.

ఇది ఎంత పెద్ద పొదుపో ఒక లెక్క వేసి చూపిస్తాను. అడుగు 70 సెంటీమీటర్లనుకుంటే 32 కిలోమీటర్లకు సుమారు 45,700 అడుగులు. ప్రతి అడుగులో శరీరం నాలుగైదు సెంటీమీటర్లు లేస్తుంది. నాలుగున్నర వేసుకోండి. మొత్తం కలిపితే రెండు కిలోమీటర్ల పైచిలుకు ఎత్తు! తూర్పు కనుమల్లో అంత ఎత్తైన శిఖరమే లేదు. 60 కిలోల మనిషిని అంత ఎత్తుకు లేపడానికి 12 లక్షల జౌళ్ళ పని. కండరం సామర్థ్యం ఎంత బాగున్నా 25 శాతం దగ్గరే ఉంటుంది కాబట్టి ఆ పనికి 48 లక్షల జౌళ్ళ ఆహార శక్తి కావాలి, అంటే 1,100 కిలో కేలరీలకు పైనే. నిజానికి ఆ మనిషి 32 కిలోమీటర్లు నడిస్తే, ఊరికే కూర్చున్నా అయ్యే ఖర్చు తీసేశాక, అయ్యేది సుమారు 900. లేపడానికే 1,100 కావలసి ఉంటే మొత్తం నడక 900లో ఎలా ముగిసింది? లోలకం తిరిగి ఇచ్చింది కనుక.

కిరణ్ గారి మేనత్త చేసినది ఆ లోలకాన్ని దాని మానాన వదిలేయడం. మీరు ప్రతి అడుగులో దానితో పోట్లాడి ఉంటారు.

#5 నాయుడుతోట_కిరణ్

లెక్క అర్థమైంది మాస్టారూ. కానీ "పోట్లాడటం" అంటే ఏమిటి? నేను కావాలని ఏమీ చేయలేదే. త్వరగా అయిపోతుందని పెద్ద పెద్ద అడుగులు వేశాను, అంతే.

#6 ఎంవీపీ_ఫిజియో

అంతే అంటారా! అక్కడే ఉంది కిటుకంతా.

మాస్టారు చెప్పిన లోలకంలో ఒక చిల్లు ఉంది. ఒక కాలి చాపం ముగిసి రెండో కాలి చాపం మొదలయ్యేచోట శరీరం కిందికి వస్తూ ఉంటుంది, అక్కడి నుంచి పైకి మళ్ళాలి. ఆ మలుపులో ముందు కాలు నేలను గుద్దుకుంటుంది. అక్కడ పోయిన శక్తి మళ్ళీ రాదు, దాన్ని కండరమే పూడ్చాలి. అడుగు పొడవయ్యేకొద్దీ రెండు కాళ్ళ మధ్య కోణం పెరిగి ఆ గుద్దు గట్టిపడుతుంది. డోనెలన్, క్రామ్, కువో అనే పరిశోధకులు 2002లో దీన్ని కొలిచారు. నిమిషానికి వేసే అడుగుల సంఖ్య మార్చకుండా అడుగు పొడవు మాత్రమే పెంచితే, ఈ మలుపు దగ్గర చేయాల్సిన పని దాదాపు పొడవు నాలుగో ఘాతానికి అనుపాతంలో పెరుగుతుంది. అంటే పది శాతం పొడవు పెంచితే పని 46 శాతం పెరిగినట్టు. అదేపనిగా అడుగు కుదించేసినా లాభం లేదు, అప్పుడు కాళ్ళను గబగబా ఆడించడానికి ఖర్చవుతుంది. మధ్యలో ఎక్కడో అనువైన పొడవు ఉంటుంది. చాలామంది శరీరాలు దాన్ని వాటంతట అవే వెతుక్కుంటాయి, మనిషి తొందరపెట్టకపోతే.

ఇంకో సంగతి వేళ్ళతో నెట్టడం. ముందు మడమ నేలకు తగలడానికి సరిగ్గా ముందు క్షణంలో వెనుక పాదం నేలను నెడితే ఆ గుద్దు తగ్గిపోతుంది. కువో గణితం ప్రకారం, అదే శక్తిని తుంటి దగ్గర కండరాలతో ఇవ్వాలంటే నాలుగు రెట్లు ఖర్చు. క్షణంలో ఒక చిన్న భాగం అటూ ఇటూ అయితే లాభం పోతుంది. మీ మేనత్త అడుగు చప్పుడు కాలేదన్నారు కదా, ఆ చప్పుడే పోయిన శక్తికి రసీదు. మీ చెప్పుల చప్పుడు ఆవిడకు వినిపించే ఉంటుంది.

#7 వాల్తేరు_వెటకారం

మా పై ఇంటాయన నడిస్తే మా ఫ్యాను ఊగుతుంది. ఆయనకు ఈ నాలుగో ఘాతం సంగతి ఎవరైనా చెప్పండి.

#8 ఏయూ_మెకానికల్

#4కు ఒక చేర్పు. 1990లో ట్యాడ్ మెక్‌గీర్ అనే ఇంజనీరు మోటారు, బ్యాటరీ, కంప్యూటర్ ఏవీ లేని రెండు కాళ్ళ యంత్రాన్ని వాలు పలక మీద వదిలితే అది మనిషిలా నడుచుకుంటూ దిగింది. నడకను నడిపించేది మెదడే అనుకునేవాళ్ళకు పెద్ద చెంపపెట్టు అది. ఆ దారిలో వచ్చినవాళ్ళు 2005లో చదునైన నేల మీద చిన్న మోటారుతో నడిచే యంత్రం చేశారు. ఒక న్యూటన్ బరువును ఒక మీటరు కదపడానికి దానికి పట్టిన శక్తి 0.2 జౌళ్ళు. మనిషికీ దాదాపు అంతే. అదే పోలికలో హోండా వారి అసిమో రోబోకు 3.2గా అంచనా వేశారు. పదహారు రెట్లు! అసిమో ఎప్పుడూ మోకాళ్ళు వంచి, ప్రతి కీలునూ ప్రతి క్షణం మోటారుతో పట్టుకుని నడిచేది. పడిపోతానన్న భయంతో నడిచేవాడి నడక అది.

#9 రుషికొండ_రన్నర్

ఇక్కడ అందరూ నడక గురించే మాట్లాడుతున్నారు. పరుగు పూర్తిగా వేరే యంత్రం. పరుగులో శరీరం అత్యంత కింద ఉన్నప్పుడే వేగం కూడా అత్యంత తక్కువ. కాబట్టి లోలకం ఆట అక్కడ నడవదు, స్ప్రింగు ఆట నడుస్తుంది. మడమ వెనుక ఉండే అకిలిస్ టెండన్ (కండరాన్ని ఎముకకు కట్టే పట్టీ), పాదం కింది వంపు సాగి మళ్ళీ ముడుచుకుంటాయి. 1987లో బ్రిటన్‌లో కెర్, అలెగ్జాండర్ బృందం పాదాలను యంత్రంలో పెట్టి నొక్కి చూసి వేసిన అంచనా ప్రకారం, పరుగులో ఒక్కో అడుగుకు రూపం మారే శక్తిలో 35 శాతం ఆ టెండన్‌లో, 17 శాతం పాదం వంపులో నిలవ ఉండి తిరిగి వస్తుంది. మిగతా సగమే కండరం చూసుకోవాలి.

ఎప్పుడూ ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తి, గిరి ప్రదక్షిణకు ఒక్కసారిగా నడకకు దిగితే ఇంతే. స్ప్రింగుకు అలవాటైన కాళ్ళకు లోలకం పని ఇచ్చారు.

#10 నాయుడుతోట_కిరణ్

మరి పరుగెత్తేయాల్సింది అంటారా?

#11 రుషికొండ_రన్నర్

ఆ రోజు ఆ జనంలోనా? ముందు ఖాళీ చూపించండి.

#12 జాలారిపేట_కోడలు

మా అత్తగారు ఫిషింగ్ హార్బర్ నుంచి తట్ట నిండా చేపలు నెత్తిన పెట్టుకుని వీధులు తిరిగి అమ్మేవారు. తలమీద చుట్టకుదురు, దాని మీద తట్ట. చెయ్యి పట్టుకునేవారు కాదు. మెడ నిటారుగా, నడుము కింద మాత్రమే కదలిక. రోడ్డు దాటేటప్పుడు కూడా తట్టలో నీళ్ళు తొణకవు. బరువు లేకుండా నడిచినప్పుడు కన్నా బరువుతోనే ఆవిడ నడక బాగుండేది అని మా ఆయన అంటారు. బరువు పెరిగితే నడక బాగుపడటం ఫిజిక్స్‌లో కుదురుతుందా?

#13 రిటైర్డ్_ఫిజిక్స్

మీ ఆయన కన్ను సరైనదే కావచ్చునమ్మా. 1986లో నేచర్ పత్రికలో కెన్యా మహిళల మీద ఒక పరిశోధన వచ్చింది. లువో, కికుయు తెగల మహిళలు తమ శరీర బరువులో 20 శాతం వరకు మోసినా ఊపిరిలో తీసుకున్న ఆక్సిజన్ ఏమీ పెరగలేదు. 60 కిలోల మనిషికి 12 కిలోల దాకా ఉచితమే అన్నమాట! తర్వాత 1995లో హెగ్లండ్ బృందం కారణం వెతికింది. బరువు మోసేటప్పుడు వాళ్ళ నడకలో లోలకపు మార్పిడి ఇంకా మెరుగైంది. మనలాంటివాళ్ళం చాపం పైకొస నుంచి కిందికి మళ్ళేటప్పుడు కొద్దిగా శక్తిని జారవిడుస్తాం. వాళ్ళు బరువు ఉన్నప్పుడు ఆ చోట జారవిడవరు.

చిన్నప్పటి నుంచి మోసినవాళ్ళకే ఇది పట్టుబడుతుంది. కిరణ్ గారి మేనత్త కూరగాయల గంపలు మోసిన మనిషి అని గుర్తుంచుకోండి.

#14 జాలారిపేట_కోడలు

ఉచితం అన్నారు. అత్తగారి మెడ ఇప్పుడు ఎడమవైపు తిరగదు. పడుకుంటే చెయ్యి తిమ్మిరెక్కుతుంది. ఆ ఖర్చు ఏ లెక్కలో రాశారు మాస్టారూ?

#15 ఎంవీపీ_ఫిజియో

#14 మాట నేనూ అంటాను. ఆక్సిజన్ కొలత మెడ ఎముకల సంగతి చెప్పదు. పైగా ఆ 1986 ఫలితం అన్నిచోట్లా నిలబడలేదు. 2010లో దక్షిణాఫ్రికా మహిళలతో చేసిన పరీక్షల్లో నెత్తిన మోయడం వీపున మోయడం కన్నా పొదుపుగా తేలలేదు. మనిషికీ మనిషికీ తేడా చాలా ఎక్కువగా కనిపించింది. కొందరికి ఆ ఒడుపు ఉంది, చాలామందికి లేదు. దీన్ని చదివి ఎవరూ నెత్తిన గ్యాసు సిలిండర్ పెట్టుకోవద్దని మనవి.

#16 పాడేరు_ఘాట్

మా వైపు కావడి. వెదురు బద్ద భుజం మీద, రెండు కొసలకు రెండు బరువులు. నడకతో పాటు బద్ద ఊగుతుంది. మా తాత ఆ ఊపు అందుకుని ఒక రకమైన చిన్న పరుగులో పోయేవాడు. ఇది కూడా శక్తి పొదుపేనా?

#17 ఏయూ_మెకానికల్

పొదుపు కాదు, కానీ వేరే లాభం ఉంది. రోజర్ క్రామ్ 1991లో సాగే బద్దలతో మోస్తూ పరుగెత్తడాన్ని కొలిచాడు. ఖర్చు వీపున సంచీ మోసినంతే అయింది. తగ్గినది భుజం మీద పడే అత్యధిక బలం. శరీరం పైకీ కిందికీ ఊగుతున్నా బరువులు దాదాపు ఒకే ఎత్తులో సాగిపోతాయి. బద్ద సహజ పౌనఃపున్యం (తనంతట తాను సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో ఆ లెక్క) అడుగుల పౌనఃపున్యం కన్నా తక్కువగా ఉంటే అలా జరుగుతుంది. రెండూ ఒకటైతే మాత్రం అనునాదం వచ్చి, అంటే ఊపు మీద ఊపు చేరి, మనిషే పక్కకు పడతాడు. మీ తాత "చిన్న పరుగు"లోకి మారింది అందుకే అయి ఉండవచ్చు.

#18 పాడేరు_ఘాట్

మా తాతకు పౌనఃపున్యం తెలియదు గానీ, బద్ద ఏ వెదురుతో చెయ్యాలో మాత్రం ఎవరి మాటా వినేవాడు కాదు.

#19 తరంగం_టీచర్

ఇంతసేపూ చదివాను. అందరూ ఒప్పుకున్నట్టు మాట్లాడుతున్న సంగతొకటి నాకు మింగుడు పడటం లేదు. అందమైన కదలిక అంటే శక్తి పొదుపైన కదలిక అని. నేను కూచిపూడి నేర్పుతాను. అరమండిలో మోకాళ్ళు వంచి, నడుము నిలిపి ఒక జతి మొత్తం చేయాలి. #8లో ఆ అసిమో చేసిన తప్పు ఏదైతే ఉందో, మేము అదే కావాలని చేస్తాం! తరంగంలో ఇత్తడి పళ్ళెం అంచు మీద పాదాలు ఆనించి తాళానికి జరగాలి. చూసేవాళ్ళు "ఎంత అలవోకగా చేసింది" అంటారు. తెర వెనక్కి వచ్చాక ఆ పిల్ల గోడకు జారగిలబడి రొప్పుతుంది. పొదుపే అందమైతే ఆ రొప్పు ఎక్కడిది?

#20 రిటైర్డ్_ఫిజిక్స్

మంచి దెబ్బ కొట్టారు. కొంత ఒప్పుకుంటాను, కొంత ఒప్పుకోను.

అరమండి ఖరీదైనదే. ఫిజిక్స్ పుస్తకం ప్రకారం బలం ఉండి స్థానభ్రంశం లేకపోతే పని సున్నా. కండరానికి ఆ పుస్తకం వర్తించదు. పొడవు మారకుండా బిగిసి ఉండటానికి కూడా దానిలోని తంతువులు క్షణక్షణం పట్టుకుని, వదిలి, మళ్ళీ పట్టుకుంటూ ఉండాలి. ప్రతి పట్టుకూ రసాయన శక్తి ఖర్చు. నిటారు కాలిలో బరువును ఎముక మోస్తుంది, వంగిన మోకాలిలో తొడ కండరం మోస్తుంది. అందుకే ఆ పిల్ల రొప్పింది.

అయితే ప్రేక్షకుడి కంటికి కనబడేది ఖర్చు కాదు, నునుపు. త్వరణం ఎంత వేగంగా మారుతుందో దాన్ని జెర్క్ అంటాం. 1985లో ఫ్లాష్, హోగన్ అనే ఇద్దరు, మనిషి చెయ్యి ఒక చోటి నుంచి మరో చోటికి వెళ్ళేటప్పుడు మొత్తం జెర్క్ కనీసంగా ఉండే దారినే ఎంచుకుంటుందని ప్రతిపాదించారు. వేగం సున్నాలో మొదలై, మధ్యలో సగటుకు 1.875 రెట్లకు చేరి, మళ్ళీ సున్నాకు దిగుతుంది. గీస్తే గంట ఆకారం. జగదాంబ కూడలిలో దోసె వేసే మనిషి చెయ్యి చూడండి, ఎక్కడ మొదలైందో ఎక్కడ ఆగిందో పట్టుకోలేరు. లాలిత్యం అని మనం పిలిచేది చాలావరకు ఈ నునుపే. ఎక్కువసార్లు అది పొదుపుతో కలిసి వస్తుంది. మీ కళలో విడిపోతుంది.

#21 తరంగం_టీచర్

నునుపు అన్నారు. జతి చివర పాదం నేలను కొట్టి, శరీరం మొత్తం ఒక్క క్షణంలో ఆగిపోవాలి. అక్కడ నునుపు ఉంటే ఆ పిల్లను మళ్ళీ చేయమంటాను. మీ లెక్కలో జెర్క్ అక్కడ ఆకాశాన్ని అంటాలి, అందం కూడా అక్కడే ఉంది. కాబట్టి మీ నిర్వచనం హస్తాలకు సరిపోయినా పాదాలకు సరిపోదు.

#22 వాల్తేరు_వెటకారం

మాస్టారికి ఒకటి, టీచరమ్మకు రెండు.

#23 ఎంవీపీ_ఫిజియో

మీ ఇద్దరి మధ్యలో నేను దూరతాను. టీచర్ గారూ, మీ దగ్గర కొత్తగా చేరిన పిల్లకూ, ఏళ్ళుగా నేర్చుకున్న పిల్లకూ అదే అరమండిలో తేడా ఏమిటి?

#24 తరంగం_టీచర్

కొత్త పిల్ల భుజాలు చెవుల దాకా లేపుతుంది. దవడ బిగిస్తుంది. ఊపిరి పట్టేస్తుంది. నేర్చిన పిల్లకు తొడలు మాత్రమే కష్టపడతాయి, ముఖం ఖాళీగా ఉంటుంది, అందుకే అక్కడ అభినయానికి చోటు దొరుకుతుంది.

#25 ఎంవీపీ_ఫిజియో

నాకు కావలసిన జవాబు అదే. ప్రతి కీలుకూ రెండు వైపులా ఎదురెదురు కండరాలు ఉంటాయి. పని రానప్పుడు రెండింటినీ ఒకేసారి బిగించేస్తాం. కీలు కదలకుండా స్థిరంగా ఉంటుంది కానీ రెండూ ఒకదానితో ఒకటి లాక్కుని శక్తిని వేడిగా వదిలేస్తాయి. అభ్యాసంతో మెదడు ఆ ఎదురు కండరాన్ని వదలడం నేర్చుకుంటుంది. 2012లో హువాంగ్, క్రామ్, అహ్మద్ చేతితో కొత్త కదలిక నేర్చుకునేవారి ఊపిరి కొలిచి చూశారు. నేర్చుకునేకొద్దీ ఖర్చు సుమారు 20 శాతం తగ్గింది. కండరాల చురుకుదనం తగ్గడం ఆగిపోయాక కూడా ఖర్చు ఇంకా దిగుతూనే ఉంది.

కాబట్టి నా పక్షం ఇది. కదలిక ఖరీదైనదే కావచ్చు, ఆ కదలికకు అక్కరలేని బిగింపు ఉండకూడదు. అది లేనప్పుడు అందం కనిపిస్తుంది. కొట్టి ఆగే పాదానికైనా సరే.

#26 తరంగం_టీచర్

దీనికి అడ్డు చెప్పను. మాస్టారి దానికి మాత్రం చెబుతూనే ఉంటాను.

#27 షిప్‌యార్డు_సుత్తి

(పేరు చూసి నవ్వకండి. పాతికేళ్ళకు పైగా పట్టుకున్నది అదే, నేను వేసేది కూడా అదేనని ఇంట్లోవాళ్ళు అంటారు.)

#25 చదివితే నాకు పనిలో చేరిన కొత్తలో మా మేస్త్రి తిట్టిన తిట్లు గుర్తొచ్చాయి. "సుత్తితో కొట్టకురా, సుత్తిని పడనియ్యి" అనేవాడు. పిడి గట్టిగా పట్టుకుని మణికట్టు బిగిస్తే దెబ్బ చేతికే తిరిగి తగులుతుంది, మధ్యాహ్నానికి మోచెయ్యి అయిపోతుంది. పైకి ఎత్తేటప్పుడు మాత్రం బలం పెట్టాలి, దిగేటప్పుడు దారి చూపిస్తే చాలు. దెబ్బ తగిలే క్షణానికి వేళ్ళు వదులు కావాలి. ఎగిరిన సుత్తిని ఆ ఎగురుతోనే పైకి తీసుకుపోవాలి.

#28 రిటైర్డ్_ఫిజిక్స్

సుత్తి గారూ, మీ మేస్త్రి చెప్పినదాన్ని పోలిన విషయం మీద 1920లలో మాస్కోలో నికొలాయ్ బెర్న్‌స్టీన్ అనే ఆయన పరిశోధన చేశాడు. కేంద్ర శ్రామిక సంస్థలో ఉలి మీద సుత్తి వేసే కార్మికుల చేతులకు చిన్న దీపాలు కట్టి వరుసగా ఫోటోలు తీశాడు. నైపుణ్యం ఉన్నవాడి సుత్తి కొస ప్రతిసారీ దాదాపు ఒకే దారిలో దిగింది. భుజం, మోచెయ్యి, మణికట్టు మాత్రం ప్రతిసారీ వేర్వేరుగా కదిలాయి. ఒకటి కొద్దిగా తప్పితే మరొకటి సర్దుకుంటోంది. అన్నిటినీ ఒకేలా బిగించి ఉంచితే ఆ సర్దుబాటుకు వీలుండదు.

#29 నాయుడుతోట_కిరణ్

చర్చ బాగా పండింది. ఒక చిన్న సందేహం. మొదటి గంటలో మా అన్న కొడుకు కూడా మాతో నడిచాడు, ఏడేళ్ళవాడు. నా పక్కన నడవలేక మాటిమాటికీ పరుగెత్తాడు. మేనత్త పక్కన మాత్రం సరిగ్గానే నడిచాడు. వాడిది అల్లరా, ఫిజిక్సా?

#30 ఏయూ_మెకానికల్

ఫిజిక్స్. 19వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లో విలియం ఫ్రూడ్ అనే ఇంజనీరు చిన్న నమూనా ఓడలను నీటిలో లాగి పెద్ద ఓడల నిరోధం లెక్కగట్టే పద్ధతి కనిపెట్టాడు. మన విశాఖలోని నౌకాదళ పరిశోధనశాల ఎన్‌ఎస్‌టీఎల్‌లో నమూనాలను లాగి పరీక్షించే నీటి తొట్టె ఉన్నది ఇలాంటి పనికే. ఆయన పేరుతో ఉన్న సంఖ్యను #9లో చెప్పిన అలెగ్జాండరే (మెక్‌నీల్ అలెగ్జాండర్) కాళ్ళకు వర్తింపజేశాడు. వేగం వర్గాన్ని, గురుత్వ త్వరణం, కాలి పొడవుల లబ్ధంతో భాగించాలి. ఆ సంఖ్య 1 దాటితే లోలకపు చాపం మీద శరీరాన్ని కిందికి పట్టి ఉంచడానికి గురుత్వం చాలదు, పాదం నేల వదిలేస్తుంది. ఆచరణలో 0.5 దగ్గరే మనం పరుగులోకి మారిపోతాం.

కాలి పొడవు 90 సెంటీమీటర్లైతే ఆ వేగం గంటకు సుమారు 7.5 కిలోమీటర్లు. పిల్లవాడి కాలు 50 సెంటీమీటర్లైతే 5.6 మాత్రమే. మీరు తొందరలో ఆరు కిలోమీటర్ల వేగంతో నడిస్తే మీకు అది నడక, వాడికి పరుగు. చంద్రుడి మీద గురుత్వం ఆరో వంతు కాబట్టి పెద్దవాళ్ళకు కూడా ఆ హద్దు మూడు కిలోమీటర్ల దగ్గరకు దిగుతుంది. అపోలో వ్యోమగాములు నడవకుండా గెంతుతూ పోయింది ఎందుకో ఇప్పుడు ఊహించండి.

#31 షిప్‌యార్డు_సుత్తి

ఓడ లెక్క మనిషి కాలికి కూడా పనికొస్తుందని ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదు!

#32 వాల్తేరు_వెటకారం

పెళ్ళయినవాళ్ళు బీచ్ రోడ్డు మీద కలిసి నడవడం లేదంటే ప్రేమ తగ్గి కాదన్నమాట, కాలి పొడవులు కలవక.

#33 రుషికొండ_రన్నర్

బీచ్ అన్నారు కాబట్టి ఒకటి. ఆర్కే బీచ్‌లో పొడి ఇసుకలో నడిస్తే బలం వస్తుందని పొద్దున్నే దిగేవాళ్ళున్నారు. 1998లో లెజూన్ బృందం కొలిచిన ప్రకారం ఇసుకలో నడకకు గట్టి నేల మీద కన్నా 2.1 నుంచి 2.7 రెట్లు శక్తి కావాలి. పరుగుకు 1.6 రెట్లే. పాదం దిగబడినప్పుడు ఇసుక మీద చేసిన పని ఇసుకలోనే పోతుంది. దానికి తోడు కండరాలు, టెండన్లు మామూలు సామర్థ్యంతో పని చేయలేవు. బరువు తగ్గాలంటే పొడి ఇసుక, ఆనందంగా నడవాలంటే అలలు తడిపిన గట్టి ఇసుక.

#34 అప్పన్న_భక్తుడు

వచ్చే ఏడాది వెళ్ళేవాళ్ళకు పనికొచ్చే మాటలు ఎవరైనా చెబితే బాగుంటుంది. నాకు ఘాతాలు, అనునాదాలు గుర్తుండవు.

#35 ఎంవీపీ_ఫిజియో

అడుగు చిన్నది. చప్పుడు వినండి, తగ్గించే ప్రయత్నం చేయండి. వేగం ఎవరితోనూ పోటీ వద్దు, గంటకు 4.5 నుంచి 5 కిలోమీటర్ల మధ్య చాలామందికి దూరానికయ్యే ఖర్చు అన్నిటికన్నా తక్కువ.

చేతులు ఊగనివ్వండి. 2009లో కాలిన్స్ బృందం కొలిచింది. చేతులు కదలకుండా శరీరానికి ఆనించి నడిస్తే ఖర్చు 12 శాతం పెరిగింది. కుడి కాలితో కుడి చెయ్యి ముందుకు వేసి నడిస్తే 26 శాతం. చేతుల ఊపు కాళ్ళు పుట్టించే మెలితిప్పును రద్దు చేస్తుంది, లేకపోతే ఆ పని పాదం నేల మీద చేయాలి. ఆ రోజు సగం మంది ఒక చేత్తో ఫోను ఎత్తి వీడియో తీస్తూ నడిచారు, మరో చేతిలో నీళ్ళ సీసా.

#36 నాయుడుతోట_కిరణ్

అడవివరం నుంచి హనుమంతవాక దాకా నేను తీసిన వీడియో మా కుటుంబం గ్రూపులో ఉంది, బాగా వచ్చింది కూడా. ఇంకొక్క ప్రశ్న, ఆపై మిమ్మల్ని వదిలేస్తాను. మరుసటి వారం మెట్ల దారిన కొండ ఎక్కి దిగాను. ఎక్కేటప్పుడు ఆయాసం వచ్చింది, దిగేటప్పుడు ఏమీ అనిపించలేదు. రెండో రోజు తొడలు కదలలేదు. దిగడంలో శక్తి ఖర్చు తక్కువే కదా?

#37 రిటైర్డ్_ఫిజిక్స్

ఖర్చు తక్కువే. 70 కిలోల మనిషి 100 మీటర్ల ఎత్తు ఎక్కితే చేసే పని సుమారు 69 వేల జౌళ్ళు, 25 శాతం సామర్థ్యంతో సుమారు 66 కిలో కేలరీలు. దిగేటప్పుడు కండరం బ్రేకు వేస్తుంది. అదే బలానికి బ్రేకు వేసే కండరానికి అయ్యే ఖర్చు చాలా తక్కువ. పది శాతం వాలులో దిగడం చదును నేల మీద నడక కన్నా చవక. వాలు ఇంకా నిట్రంగా ఉంటే మళ్ళీ పెరుగుతుంది. తొడల సంగతి ఫిజియో గారే చెప్పాలి.

#38 ఎంవీపీ_ఫిజియో

చవకగా పని చేస్తుందంటే తక్కువ తంతువులు పని చేస్తున్నాయని కూడా. మెట్టు దిగే ప్రతిసారీ తొడ ముందు కండరం బిగిసి ఉండగానే సాగుతుంది. బరువంతా ఆ కొద్ది తంతువుల మీదే పడి సూక్ష్మంగా చిరుగుతాయి. నొప్పి ఒకటి రెండు రోజుల తర్వాతే ముదురుతుంది. అలవాటైతే రెండోసారి ఇంత ఉండదు, శరీరం త్వరగా సర్దుకుంటుంది. దిగేటప్పుడు పక్కన ఉన్న కమ్మీ పట్టుకోండి, మెట్టు మీద దభాలున పడకుండా పాదం ముందు భాగం మొదట ఆనించండి. మోకాలి నొప్పి ఉన్నవాళ్ళు ఎక్కేటప్పుడు నడిచి, దిగేటప్పుడు బస్సు ఎక్కండి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు.

#39 జాలారిపేట_కోడలు

ఫిజియో గారూ, మెడకు ఏమైనా చెబుతారా? అత్తగారిని తీసుకురమ్మంటే తీసుకొస్తాను.

#40 ఎంవీపీ_ఫిజియో

తీసుకురండి. చెయ్యి తిమ్మిరి ఉందన్నారు కాబట్టి ముందు ఎముకల డాక్టరుకు చూపించి ఎక్స్‌రే తీయించండి, ఆ తర్వాత వ్యాయామాలు మొదలుపెడదాం. వివరాలు సందేశంలో పంపాను.